దొంగకే ఎందుకొచ్చింది ధర్మసంకటం? తొలినాటి మూకీ వెస్టర్న్‌ల మీద ఒక విశ్లేషణ

షికాగోలో సినిమా వెయ్యాలంటే ముందుగా పోలీసు చీఫ్ దగ్గర పర్మిట్ తీసుకోవాలని 1907లో ఆ నగరం ఒక నిబంధన పెట్టింది. దాని కింద జేమ్స్ సోదరుల మీద తీసిన ఒక సినిమాకూ, 'నైట్ రైడర్స్' అనే మరో సినిమాకూ పర్మిట్ దొరకలేదు. హాళ్ళ యజమానులు కోర్టుకెక్కారు. జేమ్స్ సోదరులు నిజంగా బతికిన దొంగలు, వాళ్ళ కథ అమెరికా చరిత్రలో భాగమే కదా, చూపిస్తే తప్పేమిటి అన్నది వాళ్ళ వాదన. 1909లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. ఐదు సెంట్లు, పది సెంట్ల టికెట్ హాళ్ళకు వచ్చేది ఎక్కువగా పిల్లలూ పేదవాళ్ళూ, వాళ్ళ ముందు నేరాలను బొమ్మ కట్టి చూపించడం నీతికి చేటు అని తేల్చింది.

జేమ్స్ సోదరుల మీద 1908లో సినిమా తీసినది షికాగోకే చెందిన ఎస్సెనే కంపెనీ. దాని ఇద్దరు భాగస్వాముల్లో ఒకరు గిల్బర్ట్ ఆండర్సన్. 1903 నాటి 'ది గ్రేట్ ట్రైన్ రాబరీ'లో చిన్న చిన్న వేషాలు వేసిన నటుడు. ఆ సినిమా సుమారు పన్నెండు నిమిషాలు నడుస్తుంది. దొంగలు రైలు దోచుకుంటారు, ఊరివాళ్ళు వెంటపడి చంపుతారు. అందులో ఎవరికీ ఏ సందేహమూ రాదు. దోచుకునేవాడు దోచుకుంటాడు, తరిమేవాడు తరుముతాడు. దొంగ ఒక్క క్షణం ఆగి ఆలోచించే చోటు ఆ పన్నెండు నిమిషాల్లో ఎక్కడా లేదు.

ఆ చోటు 1910లో వచ్చింది. అదే ఆండర్సన్, అదే ఎస్సెనే కోసం 'బ్రాంకో బిల్లీస్ రిడెంప్షన్' తీశాడు. ఇందులోనూ హీరో నేరస్థుడే. కానీ ఆపదలో ఉన్న ఒక తండ్రీకూతుళ్ళు దారిలో ఎదురవుతారు. వాళ్ళను కాపాడాలంటే తను పట్టుబడే ప్రమాదం ఉంది, తప్పించుకోవాలంటే వాళ్ళను వదిలెయ్యాలి. ఈ ఒక్క మెలిక మీద ఆండర్సన్ తర్వాతి ఐదారేళ్ళలో వందకు పైగా చిన్న సినిమాలు తీశాడు. చాలావాటిని కాలిఫోర్నియాలోని నైల్స్ అనే చిన్న ఊళ్ళో తీశాడు. కోర్టు తీర్పు ఒక్కటే దీనికి కారణమని అనుకోనక్కర్లేదు. దొంగ మంచివాడుగా మారే కథలు పత్రికల్లోనూ నాటకాల్లోనూ అప్పటికే ఉన్నాయి. కానీ తీర్పు తర్వాత వ్యాపారం లెక్క తేలిక అయింది. దొంగను చూపించాలి, ఎందుకంటే జనం చూసేది అతన్నే. అతన్ని దొంగగా వదిలెయ్యకూడదు, ఎందుకంటే పర్మిట్ రాదు. ఈ రెండింటి మధ్య మిగిలిన దారి ఒక్కటే: అతని మనసులో గొడవ పెట్టడం.

అమెరికన్ వెస్టర్న్‌లో అంటే అమెరికా పడమటి ప్రాంతపు దొంగలూ తుపాకీ వీరుల సినిమాల్లో, నైతిక సంఘర్షణ అలా పుట్టింది. అందుకే అది మొదట మంచివాడికి కాదు, చెడ్డవాడికి వచ్చింది. మన రంగస్థలం మీద ధర్మసంకటం వచ్చేది సత్యవంతుడికి. కాటిసీనులో కన్నకొడుకు శవానికి సుంకం అడగాల్సి వచ్చిన హరిశ్చంద్రుడికి. ఆయన మాట తప్పని మనిషి కాబట్టే ఆ సంకటం. మూకీ వెస్టర్న్‌లో మాత్రం శాంతిభద్రతలు చూసే షెరీఫ్‌కి ఏ సంకటమూ ఉండదు, చర్చిలో కూర్చున్నవాళ్ళకు ఉండదు, పశువుల మందలున్న రాంచ్ యజమానికి ఉండదు. వాళ్ళకు ఏం చెయ్యాలో ముందే తెలుసు. ఆలోచించాల్సి వచ్చేది తల మీద బహుమానం ఉన్నవాడే.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. మనసు మారడం వేరు, ధర్మసంకటం వేరు. మనసు మారినవాడికి అవతలి ఒడ్డు కనిపించేసింది, ఇక నడవడమే మిగిలింది. సంకటంలో పడ్డవాడికి రెండు వైపులా బాకీ ఉంటుంది. ఏది తీర్చినా రెండోది మిగిలిపోతుంది. ఈ సినిమాల గురించి రాసేటప్పుడు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. విలియం ఎస్. హార్ట్ సినిమాలు మూడు వరుసగా చూస్తే ఆ పొరపాటు అర్థమవుతుంది.

హార్ట్ 1864లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన రంగస్థల నటుడు. 'బెన్ హర్' నాటకంలో మెస్సాలా వేషం వేసి పేరు తెచ్చుకున్నాడు. నిర్మాత థామస్ ఇన్స్ దగ్గర సినిమాల్లో చేరేసరికి అతనికి యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయి. పొడుగ్గా, ఎముకలు తేలిన ముఖంతో, నవ్వడం మర్చిపోయినట్టు ఉంటాడు. ఆ ముఖమే అతని ఆస్తి.

1916 నాటి 'హెల్స్ హింజెస్' అతని సినిమాల్లో అన్నిటికంటే పేరున్నది. ఒక బలహీనమైన యువ పాస్టర్ నగరంలో ఉంటే చెడిపోతాడని పెద్దలు అతన్ని పడమటి ఊరికి పంపుతారు. వెంట చెల్లెలు ఫెయిత్ వస్తుంది. ఊళ్ళో సెలూన్ అనే సారా దుకాణం నడిపే సిల్క్ మిల్లర్‌కి చర్చి రావడం ఇష్టం లేదు. వచ్చినవాళ్ళను తరిమెయ్యమని బ్లేజ్ ట్రేసీ అనే తుపాకీ వీరుణ్ణి పురమాయిస్తాడు. బ్లేజ్ వస్తాడు, ఫెయిత్ ముఖం చూస్తాడు, అంతే. అప్పటిదాకా తను వచ్చిన దారి తప్పుదారని అతనికి అనిపిస్తుంది. తర్వాత ఒకచోట ఒంటరిగా కూర్చుని బైబిల్ చదువుతాడు, పక్కనే మందు సీసా ఉంటుంది. ఆ సినిమాలో మనిషిలా అనిపించే క్షణం అదే.

ఇది గొప్ప సినిమా, కానీ బ్లేజ్‌కి వచ్చింది సంకటం కాదు. ఒక్క చూపుతో అతని సందేహం తీరిపోయింది. సిల్క్ మిల్లర్‌కి ఇచ్చిన మాట తప్పుతున్నానన్న బాధ అతనికి ఎక్కడా లేదు. అసలు నలిగిపోయేది పాస్టరే. మిల్లర్ పంపిన డాలీ అనే అమ్మాయి అతనికి తాగించి లొంగదీసుకుంటుంది. చివరికి తాగిన గుంపుతో కలిసి తన చర్చిని తనే తగలబెట్టడానికి బయల్దేరతాడు. ఆ గొడవలోనే చనిపోతాడు. దేవుడికీ తన బలహీనతకూ మధ్య చీలిపోయిన ఆ మనిషి లోపలికి సినిమా తొంగి చూడదు. పిరికివాడని తేల్చేసి పక్కన పెడుతుంది. ఇక ఊళ్ళో లేని బ్లేజ్ తిరిగొచ్చి మిల్లర్‌ని కాల్చి, సెలూన్‌కి నిప్పు పెడతాడు. ఊరు ఊరంతా కాలిపోతుంది. భక్తి నేర్చుకున్న మనిషి మొదట చేసిన పని ఊరిని బూడిద చెయ్యడమా అన్న ప్రశ్న చూసేవాళ్ళకు వస్తుంది గానీ బ్లేజ్‌కి రాదు. ఆ మంటల ఫ్రేములకు ఎర్ర రంగు అద్దారు. చూడ్డానికి భయంకరంగా, అందంగా ఉంటాయి. అలా ఉన్నందువల్లే ఆ ప్రశ్న మరుగున పడిపోతుంది.

అదే ఏడాది వచ్చిన 'ది రిటర్న్ ఆఫ్ డ్రా ఈగన్'కి కథ రాసింది కూడా 'హెల్స్ హింజెస్' రాసిన సి. గార్డ్‌నర్ సలివనే. దానంత పేరు దీనికి రాలేదు, కానీ నీతి విషయంలో దానికంటే లోతైనది. డ్రా ఈగన్ అనే దొంగ పేరు మార్చుకుని ఎల్లో డాగ్ అనే ఊరికి వస్తాడు. అతని ధైర్యం చూసి ఊరివాళ్ళు శాంతిభద్రతలు చూసే మార్షల్ ఉద్యోగం ఇస్తారు. మొదట వేళాకోళంగా ఒప్పుకున్నవాడు, ఆ నక్షత్రం బిళ్ళ పెట్టుకున్నాక నిజంగానే ఆ పని చెయ్యడం మొదలుపెడతాడు. అంతలో పాత ముఠాలోని ఆరిజోనా జో ఊళ్ళోకి దిగుతాడు. నా జోలికొస్తే నీ గుట్టు విప్పుతా అంటాడు. ఇక మార్షల్ చేతులు కట్టేసినట్టయింది. జోని అరెస్టు చేస్తే తన అసలు పేరు బయటపడుతుంది. చెయ్యకపోతే తనను నమ్మిన ఊరు పాడైపోతుంది. పేరు నిలబెట్టుకోవాలంటే ఆ పేరుకు తగిన పని చెయ్యకూడదు. పని చేస్తే పేరు ఉండదు. ఇంత బిగువైన ముడి ఆ కాలపు వెస్టర్న్‌లలో అరుదు.

ముడి విప్పిన తీరు మాత్రం కొంచెం తేలిక. ఈగన్ ఊరందరి ముందూ తనెవరో చెప్పేస్తాడు, జోని ఎదుర్కొంటాడు, ఆపైన లొంగిపోతానంటాడు. ఊరివాళ్ళు వద్దంటారు, నువ్వే మా మార్షల్ అంటారు. ప్రేక్షకులకు ఊరట. కానీ నిజం చెప్పే ఆ క్షణంలో ఈగన్‌కి ఊరు క్షమిస్తుందని తెలియదు. అన్నీ పోతాయనుకునే నోరు విప్పాడు. ఆ నిర్ణయానికి విలువ అక్కడుంది, తర్వాత దక్కిన క్షమాపణలో లేదు.

ఆ సులువైన ఊరట కూడా లేకుండా తీసింది 1920లో వచ్చిన 'ది టోల్ గేట్'. దర్శకుడు లాంబర్ట్ హిల్యర్. ఇందులో హార్ట్ బ్లాక్ డీరింగ్ అనే ముఠా నాయకుడు. దొంగతనాలు మానేద్దామని అతను అనుకుంటుంటే, జోర్డన్ అనే అనుచరుడు చివరిగా ఒక్క దోపిడీ అంటూ ఒప్పించి, డబ్బు కోసం అందరినీ పట్టిస్తాడు. తప్పించుకున్న డీరింగ్‌కి మిగిలింది పగ ఒక్కటే. ఆ పరుగులో, వెనక తరిమేవాళ్ళు ఉండగా, ఏట్లో ఒక పసివాడు కొట్టుకుపోతూ కనిపిస్తాడు. డీరింగ్ దిగి కాపాడతాడు. ఆ ఆలస్యం ఖరీదు అతనికి తెలుసు.

సినిమా ఇక్కడితో ఆగి ఉంటే బ్రాంకో బిల్లీ కథే అయ్యేది. అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. పసివాడి తల్లి అతనికి ఇంట్లో చోటిస్తుంది. వెతుక్కుంటూ వచ్చిన షెరీఫ్‌కి, ఇతను నా భర్తే అని చెబుతుంది. ఆమెను వదిలేసి పోయిన అసలు భర్త ఎవరో కాదు, జోర్డన్. అంటే తను ఏట్లోంచి తీసింది పగవాడి కొడుకునే. తన ప్రాణం కాపాడింది పగవాడి భార్యే. ఇప్పుడు జోర్డన్‌ని చంపితే ఎవరి పక్షాన చంపినట్టు? తన పగ కోసమా, ఆమె మేలు కోసమా? ఆమె మేలు అనుకుంటే దాన్ని తన స్వార్థం నుంచి విడదీయడం ఎలా? డీరింగ్ చివరికి జోర్డన్‌ని చంపుతాడు. ఆ తర్వాత షెరీఫ్ వదిలేసినా, ఆమె కళ్ళెదుటే ఉన్నా, ఆమెతో ఉండిపోయే అర్హత తనకు లేదని ఒంటరిగా సరిహద్దు దాటి మెక్సికోలోకి వెళ్ళిపోతాడు. చట్టం మాఫీ చేసిన బాకీని అతను తనకు తాను మాఫీ చేసుకోలేదు. హార్ట్ సినిమాలన్నిటిలో ఏది ముందు చూడాలని అడిగితే చెప్పాల్సింది దీని పేరే.

ఇదంతా మాట లేకుండా చెప్పారన్నది మరో సంగతి. నాటకంలో అయితే సంకటం వచ్చినప్పుడు పద్యం ఉంటుంది, స్వగతం ఉంటుంది. మూకీలో అక్షరాల కార్డు మీద రెండు మూడు లైన్లకు మించి పట్టవు, ఎక్కువ పెడితే జనం విసుక్కుంటారు. కాబట్టి లోపలి గొడవను ఒంటి మీదికి తేవాలి. తుపాకీ మీదికి వెళ్ళిన చెయ్యి సగంలో ఆగడం, గుమ్మం దగ్గర అడుగు పడకపోవడం, తల మీది టోపీ చేతిలోకి రావడం. హార్ట్ దాదాపు కదలడు. చాలాసేపు నిలబడి చూస్తాడు, కెమెరా అంతసేపూ అతన్ని చూస్తుంది. ఏం ఆలోచిస్తున్నాడో ప్రేక్షకుడు తన మనసులోంచి నింపుకోవాలి. మాటలొచ్చాక వెస్టర్న్‌కి ఈ సౌకర్యం పోయింది. హీరో తన బాధ చెప్పేస్తాడు, చెప్పగానే అది సగమైపోతుంది.

ఈ కదలని ముఖానికి పక్కన మరో నటుడు హ్యారీ కేరీ ముఖం పెట్టి చూడాలి. దర్శకుడు జాన్ ఫోర్డ్ తొలి పూర్తి నిడివి సినిమా 'స్ట్రెయిట్ షూటింగ్' 1917లో వచ్చింది. చాలాకాలం పోయిందనుకున్న దీని ప్రింటు 1960లలో చెకోస్లోవేకియా ఆర్కైవ్‌లో దొరికింది. కేరీ ఇందులో షయాన్ హ్యారీ అనే కిరాయి తుపాకీగాడు. పశువుల ఆసామి ఒకడు నీళ్ళు తన గుప్పిట్లో పెట్టుకుని, చిన్న రైతు కుటుంబాన్ని వెళ్ళగొట్టమని ఇతన్ని పిలుస్తాడు. నీళ్ళకు వెళ్ళిన ఆ రైతు కొడుకును ఆసామి మనుషులు చంపేస్తారు. హ్యారీ వచ్చేసరికి తండ్రీ కూతురూ అతన్ని పూడ్చే గుంత దగ్గర ఉంటారు. తను చెయ్యాల్సిన పని అప్పటికే ఎలా ఉంటుందో అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అతను ఏడుస్తాడు. 1917లో ఒక వెస్టర్న్ హీరో నలుగురి ముందూ కళ్ళు తుడుచుకోవడం చిన్న విషయం కాదు.

ఈ కథ గాల్లోంచి రాలేదు. ప్రభుత్వ భూమిని సాగుదార్లకు పంచిన 1862 చట్టం కింద 160 ఎకరాలు పొందిన చిన్న రైతులకూ, బహిరంగ మైదానాల్లో మందలు మేపుకునే పెద్ద రాంచ్ యజమానులకూ పడమట చాలాచోట్ల తగాదాలు నడిచాయి. 1892లో వయోమింగ్‌లోని జాన్సన్ కౌంటీలో పెద్ద ఆసాములు టెక్సాస్ నుంచి కిరాయి తుపాకీగాళ్ళను రైల్లో తెప్పించారు. నేట్ ఛాంపియన్, నిక్ రే అనే ఇద్దరిని చంపారు. ఎవరికీ శిక్ష పడలేదు. 'స్ట్రెయిట్ షూటింగ్' నాటికి ఆ సంఘటన జరిగి పాతికేళ్ళే. డబ్బు తీసుకుని వచ్చిన ఆ తుపాకీగాళ్ళలో ఒక్కడైనా గుంత దగ్గర ఆగి ఉంటే అన్న ఊహే ఆ సినిమా. కేరీ, ఫోర్డ్ మరుసటి ఏడాది తీసిన 'హెల్ బెంట్' మొదట్లో ఒక రచయితకు పాఠకుడి ఉత్తరం వస్తుంది: మరీ పుణ్యపురుషుడు కాకుండా, మంచీ చెడూ కలిసిన మామూలు మనిషిని హీరోగా పెట్టి రాయమని. ఫోర్డ్ ఆ ఉత్తరాన్ని జీవితాంతం మర్చిపోలేదనిపిస్తుంది.

ఇక వీటన్నిటిలో అసలు కష్టమైన ప్రశ్న. దొంగకు ఆలోచించుకునే సమయం ఇచ్చారు, క్షమాపణ ఇచ్చారు. మరి ఆ నేల ఎవరిదో వాళ్ళకు?

హార్ట్ సినిమాల్లో దీనికి జవాబు బాధగా ఉంటుంది. 'హెల్స్ హింజెస్'లో విలన్‌ని పరిచయం చేసే కార్డు అతనిలో మెక్సికన్ జిత్తులమారితనం కలిసి ఉందని చెబుతుంది. 1916లోనే వచ్చిన 'ది ఆర్యన్' ఇంకా దూరం వెళ్తుంది. మోసపోయి తెల్లవాళ్ళందరినీ ద్వేషించే హీరో, ఎడారిలో చిక్కుకున్న వలసదారులకు సాయం చెయ్యనంటాడు. ఒక తెల్ల అమ్మాయి వచ్చి అడిగితే కరుగుతాడు. తెల్లజాతి మగవాడు తెల్లజాతి ఆడదాన్ని కాపాడి తీరాలన్నది ఆ కరగడం వెనకున్న సూత్రం. అక్కడ అంతరాత్మ అని చూపించినది నిజానికి జాతి.

రెండు సినిమాలు పక్కపక్కన పెడితే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 1910లో పాథే కంపెనీ కోసం జేమ్స్ యంగ్ డీర్ 'వైట్ ఫాన్స్ డివోషన్' తీశాడు. ఆదివాసీ మూలాలున్న దర్శకుడిగా అమెరికన్ సినిమా చరిత్ర గుర్తుపెట్టుకున్న మనిషి. ఒక తెల్లవాడు, అతని ఆదివాసీ భార్య, చిన్న కూతురు. అతనికి సముద్రం అవతల ఆస్తి వచ్చిందని ఉత్తరం వస్తుంది. వెళ్తే తిరిగి రాడనుకుని భార్య పొడుచుకుంటుంది. తండ్రే చంపాడనుకుని కూతురు తెగవాళ్ళ దగ్గరికి పరిగెత్తుతుంది. వాళ్ళు అతన్ని పట్టుకుని చంపబోతుండగా, ప్రాణంతో ఉన్న భార్య వచ్చి ఆపుతుంది. కుటుంబం మిగులుతుంది.

నాలుగేళ్ళ తర్వాత సెసిల్ బి. డెమిల్, ఆస్కర్ ఆప్‌ఫెల్ కలిసి హాలీవుడ్‌లో 'ది స్క్వా మ్యాన్' తీశారు. 1905 నాటి నాటకం దానికి ఆధారం. ఆ పేరులోని 'స్క్వా' అన్న మాట ఆదివాసీ స్త్రీలను కించపరిచేదని అమెరికా ప్రభుత్వం 2022లో తన భూముల్లోని కొండలు, వాగుల పేర్లలోంచి తీసేసింది. ఇంగ్లండ్‌లో పరువు పోయి పడమటికి వచ్చిన జిమ్‌ని నాటురిచ్ అనే ఆదివాసీ యువతి కాపాడుతుంది, అతన్ని చంపబోయినవాణ్ణి కాల్చి మరీ. వాళ్ళకు కొడుకు పుడతాడు. కొన్నేళ్ళకు జిమ్‌కి ఇంగ్లండ్‌లో బిరుదు, ఆస్తి వస్తాయి. భార్యా, బిరుదా? ఇదీ సంకటం. అతను కొడుకును ఇంగ్లండ్ పంపడానికి నిర్ణయిస్తాడు. ఒకవైపు బిడ్డ దూరమవుతున్నాడు, మరోవైపు పాత హత్యకు షెరీఫ్ వస్తున్నాడు. నాటురిచ్ ప్రాణం తీసుకుంటుంది. జిమ్ దారి ఖాళీ అవుతుంది.

చిక్కు ఒకటే, 1910లోనూ 1914లోనూ. యంగ్ డీర్ సినిమాలో కత్తి దిగినా ఆమె బతుకుతుంది, తెల్లవాడు తన సంసారంతో మిగులుతాడు. డెమిల్ సినిమాలో ఎంచుకోవాల్సింది అతను, చావాల్సింది ఆమె. ఇంకో విషయం: నాటురిచ్ వేషం వేసిన రెడ్ వింగ్, అసలు పేరు లిలియన్ సెంట్ సిర్, నెబ్రాస్కాలోని హో-చంక్ తెగకు చెందిన నటి, యంగ్ డీర్ భార్య. ఆమె ముఖంలో ఉన్న నిబ్బరం కథ ఆమెకు ఇచ్చినదానికంటే చాలా పెద్దది. కొడుకు చిన్న చెప్పులను పట్టుకున్న తల్లిని చూసేవాళ్ళకు జిమ్ బిరుదు గురించి పట్టదు.

ఆదివాసీలకూ సంకటం ఉంటుందని తొలిరోజుల్లో ఎవరూ అనుకోలేదని కాదు. 1909లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన 'ది రెడ్‌మ్యాన్స్ వ్యూ'లో తెల్లవాళ్ళు కయోవా తెగ ఊరిని ఖాళీ చేయించి, ఒక అమ్మాయిని తమ దగ్గరే ఉంచేసుకుంటారు. ఆమెను ప్రేమించిన యువకుడి ముసలి తండ్రి తెగతో పాటు నడవాలి. ఆమె కోసం ఆగాలా, తండ్రికి తోడు వెళ్ళాలా? తండ్రితోనే వెళ్తాడు. నడుస్తారు, ఆగిన ప్రతిచోటా ఇక్కడ కాదు పొమ్మంటారు, మళ్ళీ నడుస్తారు. దారిలో తండ్రి చనిపోతాడు. అప్పుడు గానీ అతను ఆ అమ్మాయి కోసం వెనక్కి రాలేడు. ఇందులో అతను చేసిన తప్పు ఏదీ లేదు, దిద్దుకోవాల్సిన గతమూ లేదు. హరిశ్చంద్రుడి సంకటానికి దగ్గరగా వచ్చిన మూకీ వెస్టర్న్ ఏదైనా ఉంటే ఈ ఒక్క రీలు సినిమానే.

డెమిల్ తన కథను 1918లో ఒకసారి, మాటలొచ్చాక 1931లో మరోసారి తీశాడు. నటులు మారారు, హంగులు పెరిగాయి. మూడుసార్లూ నాటురిచ్ చనిపోతుంది.